డాలీ ఎం జడ్జీలకు ఎనిమిదో నంబరు వాడి అమ్మ బహిరంగ లేఖ

నేషనల్ రగ్బీ లీగ్ అవార్డుల కమిటీ వారికి, ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎం మెడల్‌కు ఓట్లు వేసే జడ్జీలకు,

నమస్కారం.

నేను పశ్చిమ సిడ్నీలో ఉంటాను. ఇక్కడికొచ్చి పదహారేళ్లయింది. వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ వైపు తెలుగువాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. మా పిల్లల్లో ఎక్కువమంది ఆడేది క్రికెట్టే. మావాడు మాత్రం బళ్లో స్నేహితుల్ని చూసి రగ్బీ లీగ్ ఆడతానని పట్టుబట్టాడు. వాడికి పన్నెండేళ్లు, వయసుకు మించిన ఒళ్లు. మొదటిరోజే కోచ్ వాణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఎనిమిదో నంబరు జెర్సీ చేతిలో పెట్టాడు. అంటే ప్రాప్. అప్పటికి నాకు ఆ మాటకు అర్థం కూడా తెలీదు. మా ఆయన్ని అడిగితే, "ముందు వరసలో ఉండి గుద్దించుకునేవాడు" అన్నాడు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఈ లేఖ ఇంగ్లీషులో మీకు విడిగా పంపాను. తెలుగులో మళ్లీ రాయడానికి కారణం, శనివారం పొద్దున్నే గ్రౌండు గట్టున నా పక్కన చలికి వణుకుతూ నిలబడే తల్లిదండ్రులు. వాళ్లలో సగంమంది ఆట అర్థంకాకుండానే చప్పట్లు కొడతారు. మొదటి ఏడాది నేనూ అంతే. ఊళ్లో మా అక్క ఇప్పటికీ ఫోన్లో "అదేం ఆటే, బంతి ముందుకు విసరకూడదంటావు, ముందుకే పరిగెత్తాలంటావు" అని నవ్వుతుంది. ఆవిడ కోసం కూడా అనుకోండి.

పోయినేడు మీ అవార్డుల రాత్రి టీవీలో చూస్తున్నాం. రూస్టర్స్ ఆటగాడు జేమ్స్ టెడెస్కో రెండోసారి డాలీ ఎం మెడల్ అందుకున్నాడు. 2019లో ఒకటి, 2025లో ఒకటి. మావాడికి అతనంటే ప్రాణం. చప్పట్లు కొట్టాడు, పెరుగన్నం గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుని, ఏ బాధా లేకుండా, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు: "ఇది నాకు రాదమ్మా. ప్రాప్‌లకి ఇవ్వరు."

నేను నమ్మలేదు. ఇవ్వకపోవడమేంటి, ఏడాదికొకరు చొప్పున నలభై ఏళ్లకు పైగా ఇస్తున్నారు, ఒక్కడైనా ఉండడా అనుకున్నాను. జాబితా తీసి చూశాను. లేడు. 1980 నుంచి 2025 దాకా ఒక్క ప్రాప్‌కీ, అంటే ఇప్పుడు ఎనిమిదో నంబరో పదో నంబరో వేసుకునేవాడికి, ఈ మెడల్ రాలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ లేఖ ఉండేది కాదు. కానీ నాకు ఒక పాడు అలవాటుంది. ఏదైనా లెక్క తేడాగా కనిపిస్తే మొదటి పేజీ దాకా వెళ్లాలి. ఆఫీసులో నా పనీ అదే. అందుకని ఈ మెడల్ చరిత్ర మొదటినుంచీ చదివాను. చదువుతూ పోతే, ఈ ఆట పుట్టిందే ముందు వరస మనుషుల వల్లనని తెలిసింది. మీకు తెలిసిన సంగతే. మా వాళ్లకు తెలీదు కాబట్టి చెప్పనివ్వండి.

ఇంగ్లండు ఉత్తరాన మిల్లుల్లో, గనుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆట కోసం పని మానుకుంటే కూలి పోయేది. ఆ పోయిన కూలి ఇవ్వాలా వద్దా అన్న తగువు మీదే 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో క్లబ్బులు పాత సంఘం, అంటే రగ్బీ యూనియన్, నుంచి విడిపోయాయి. పన్నెండేళ్ల తరవాత సిడ్నీలో కూడా అదే తగువు. అలెక్స్ బర్డన్ అని ఒక ఫార్వర్డ్, అంటే ముందు వరసల్లో గుద్దుకునేవాడు, ఉండేవాడు, వృత్తి క్షౌరం. ఆటలో భుజానికి దెబ్బ తగిలింది. భుజం పనిచేయకపోతే మంగలి కత్తి పట్టలేడు, కత్తి పట్టకపోతే పూట గడవదు. వైద్యం ఖర్చూ పోయిన సంపాదనా రగ్బీ యూనియన్ ఇవ్వలేదు. ఆ కోపం చుట్టూ మనుషులు పోగయ్యారు. ఎక్కడ పోగయ్యారో తెలుసా అక్కా? విక్టర్ ట్రంపర్ కొట్లో. అవును, మన నాన్న తరం క్రికెట్ పిచ్చివాళ్లు కథలుగా చెప్పుకున్న ఆ ట్రంపరే. ఆయనకు సిడ్నీలో ఆటసామాన్ల దుకాణం ఉండేది. జేమ్స్ గిల్టినన్ అనే వ్యాపారి, ట్రంపర్, ఇంకొందరు కలిసి 1907 ఆగస్టులో కొత్త లీగ్ పెట్టారు. ట్రంపర్ దానికి మొదటి కోశాధికారి.

భుజం దెబ్బతిన్న ఫార్వర్డ్ కోసం లీగ్ పెట్టడం సరే, చూడ్డానికి జనం రావాలి కదా. దానికి కావలసినవాడు హెర్బర్ట్ హెన్రీ మెస్సెంజర్. ముద్దుపేరు డాలీ. డబుల్ బేలో తండ్రికి పడవల షెడ్డు. కుర్రాడు సెంటర్‌లో ఆడేవాడు, ఎక్కణ్నుంచి తన్నినా బంతి గోలుపోస్టుల మధ్యనుంచి పోయేది. అతను ఎటు వెళ్తే జనం అటు. అతన్ని తమవైపు తిప్పుకోవడానికి లీగ్ పెద్దలు వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి ఒప్పించారని కథగా చెబుతారు. ఈ మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మావాడి విషయంలో నన్నెవరూ అడగలేదు, ఆన్‌లైన్ ఫారంలో టిక్కు పెట్టమన్నారంతే.

మెస్సెంజర్ వచ్చాడు, జనం వచ్చారు. న్యూజిలాండ్ నుంచి బయల్దేరిన జట్టుతో 1907లో సిడ్నీలో ఆడాడు, తరవాత వాళ్లతోపాటే ఇంగ్లండు వెళ్లాడు. 1908-09లో కంగారూలు, అంటే ఆస్ట్రేలియా జట్టు, మొదటిసారి ఇంగ్లండు పర్యటనకు వెళ్తే అందులోనూ ఆడాడు. అతని క్లబ్బు ఈస్టర్న్ సబర్బ్స్ 1911, 1912, 1913 వరసగా మూడేళ్లు గెలిచి షీల్డును సొంతం చేసుకుంటే, క్లబ్బు దాన్ని అతనికే ఇచ్చేసింది. జనం అతన్ని 'ది మాస్టర్' అన్నారు. 1959లో పోయాడు. 1980 నుంచి మీరిచ్చే మెడల్ అతని పేరు మీదే, డాలీ ఎం.

నాకు మెస్సెంజర్ మీద ఏ కోపమూ లేదు. మెడల్‌కు అతని పేరు సరైనదే. అయితే ఒక్కటి గమనించండి. భుజం పోగొట్టుకున్నది బర్డన్. జనాన్ని తెచ్చింది డాలీ. మెడల్ మీద ఒక్క పేరే పడుతుంది కాబట్టి జనాన్ని తెచ్చినవాడి పేరు పడింది. మీ జాబితా మొత్తం ఆ మొదటిరోజు లెక్కలోనే నడుస్తున్నట్టు నాకు కనిపించింది.

జాబితా మాటకొస్తే, అది ఎప్పుడూ ఇలా లేదు. మొదటి మెడల్ 1980లో సౌత్ సిడ్నీ ఆటగాడు రాకీ లారీకి, అతను ఫార్వర్డ్. 1982లో పారమాటా లాక్ రే ప్రైస్, లాక్ అంటే అతనూ ఫార్వర్డే. 1988, 1989లో వరసగా రెండుసార్లు క్రొనుల్లా రెండో వరస ఆటగాడు గావిన్ మిల్లర్. అంటే మొదటి పదేళ్లలో నాలుగుసార్లు ఒళ్లు హూనం చేసుకునేవాళ్లకే దక్కింది. మిగతావి ఎవరికి? స్టీవ్ రోజర్స్, టెరీ లాంబ్, మైకేల్ పాటర్, గ్రెగ్ అలెగ్జాండర్, రెండుసార్లు పీటర్ స్టెర్లింగ్. వాళ్లను కాదనేవాళ్లు ఎవరు? స్టెర్లింగ్ పేరెత్తితే మా వీధి చివర పెద్దాయన ఇప్పటికీ టోపీ తీస్తాడు. పారమాటా గడ్డ కదా.

మిల్లర్ తరవాత తలుపు మూసుకుంది. క్లిఫ్ లయన్స్, రికీ స్టువర్ట్, లారీ డేలీ, అలన్ లాంగర్, మూడుసార్లు ఆండ్రూ జాన్స్, నాలుగుసార్లు జొనాథన్ థర్స్టన్. ఆణిముత్యాలే, ఒక్కరినీ తీసెయ్యలేం. హుకర్లు డానీ బుడెరస్, కామెరన్ స్మిత్ కూడా ఉన్నారు. కానీ హుకర్ చేతిలోంచి ప్రతి ఆటా మొదలవుతుంది కాబట్టి వాళ్లు రోజంతా కెమెరాలోనే ఉంటారు. హుకర్ కాని ఫార్వర్డ్ మళ్లీ ఈ మెడల్ ముట్టుకున్నది 2016లో, జేసన్ టౌమలోలో. అదీ కూపర్ క్రాంక్‌తో సగం సగం. మిల్లర్‌కీ టౌమలోలోకీ మధ్య ఇరవయ్యేడేళ్లు. టౌమలోలో తరవాత? స్మిత్, టుయివాసా-షెక్, టెడెస్కో, వైటన్, ట్రబోయెవిచ్, హైన్స్, పొంగా, హ్యూస్, మళ్లీ టెడెస్కో. హుకర్ స్మిత్‌ని పక్కన పెడితే, అందరికన్నా వెనకుండే ఫుల్‌బ్యాక్, లేదంటే ఆట నడిపే హాఫ్, మళ్లీ ఫుల్‌బ్యాక్, మళ్లీ హాఫ్.

మధ్యలో జరిగిన గొడవల జోలికి ఎక్కువ పోను. 1997లో ఆటే రెండు ముక్కలై రెండు పోటీలు నడిచాయి. 2003లో ఆటగాళ్లు తమ ఒప్పందాల కోసం బహిష్కరిస్తే వేడుకే జరగలేదు. 2020లో వేదిక మీద చెప్పకముందే విజేత పేరు పేపరువాళ్ల సైట్లో వచ్చేసింది. ఇంట్లో పెళ్లన్నాక ఇలాంటివి ఉంటాయి. నా ఫిర్యాదు వీటి మీద కాదు.

ఇక్కడ అక్క కోసం కాస్త ఆట చెప్పాలి. జట్టుకు పదమూడుమంది, ఎనభై నిమిషాలు. బంతి ఉన్న జట్టుకు ఆరు టాకిళ్లు. అంటే ఆరుసార్లు పట్టుబడేలోపు ఎంత ముందుకు పోతే అంత. పట్టుబడ్డవాడు లేచి, బంతి నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాలి. ఆ లోపల ఎదుటి జట్టు పది మీటర్లు వెనక్కి తగ్గాలి. మొత్తం రహస్యం ఇక్కడుంది. ప్రాప్ బంతి పట్టుకుని నేరుగా ముగ్గురి మీదకి పోతాడు. అతను కింద పడ్డాక మోచేతుల మీద, మోకాళ్ల మీద పెనుగులాడి ఒక్క క్షణం ముందు లేచాడనుకోండి, ఎదుటివాళ్లు ఇంకా వెనక్కి నడుస్తూనే ఉంటారు. అప్పుడు హాఫ్ చేతికి బంతి వస్తే అతనికి ముందు దారులే దారులు. ఒక పాస్, ఒక ట్రై (బంతిని అవతలి గీత దాటించి నేలకు తాకించడం), నాలుగు పాయింట్లు. టీవీలో రీప్లే వేసేది ఆ పాస్ నుంచే. ఆ ఒక్క క్షణం కొన్నది ఎవరో రీప్లేలో ఉండడు. ఉన్నా వెనకాల ఎక్కడో మట్టి దులుపుకుంటూ, మళ్లీ వరసలోకి నడుస్తూ ఉంటాడు.

మీ ఓట్ల పద్ధతి కూడా దీనికి తగ్గట్టే ఉంది. ప్రతి మ్యాచికీ జడ్జి ముగ్గురికి మార్కులు వేస్తాడు. మూడు, రెండు, ఒకటి. 2023 నుంచి మ్యాచికి ఇద్దరు జడ్జీలు. ఆ ఏడాది కాలిన్ పొంగాకి 56, షాన్ జాన్సన్‌కి 55 వచ్చి ఒక్క పాయింటుతో తేలింది. మా ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టాం. ఇరవయ్యారుమంది మొదలుపెట్టి, బెంచీ నుంచి ఇంకొందరు దిగే ఆటలో, మూడు చోట్లు. అందులో ప్రాప్ సంగతి చూడండి. ఇరవై, ఇరవయ్యైదు నిమిషాలు కొండను ఢీకొట్టినట్టు ఢీకొట్టి బెంచీ మీదకి వెళ్తాడు, మళ్లీ తిరిగి వస్తాడు. హాఫ్ ఎనభై నిమిషాలూ కళ్లముందే ఉంటాడు. ఆట అయిపోయి కాగితం తీసేసరికి జడ్జికి ఎవరు గుర్తొస్తారు? జడ్జి చెడ్డవాడు కాదు. మనిషి కళ్లు బంతి వెంట పోతాయి, అంతే. పోనీ ఎనభై నిమిషాలూ ఆడగల ప్రాప్ ఉంటే? బ్రిస్బేన్‌లో పేన్ హాస్ ఉన్నాడు కదా. అంతటివాడికీ ఇంతవరకు రాలేదు. రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచులకు వెళ్లినప్పుడు క్లబ్బు మ్యాచులు తప్పిపోయి పాయింట్లు పోవడం ఒక కారణం కావచ్చు. కానీ ఆ నష్టం హాఫ్‌లకూ ఉంది, ఫుల్‌బ్యాక్‌లకూ ఉంది.

మీరు అంటారు, ప్రాప్‌లకు వేరే అవార్డు ఉంది కదా అని. ఉంది. అదే రాత్రి, ఏడాది ఉత్తమ జట్టు ప్రకటించేటప్పుడు ఉత్తమ ప్రాప్ అని పిలుస్తారు. హాస్ ఒకటికి మించిసార్లే ఆ వేదిక ఎక్కాడు. సంతోషమే. కానీ ఉత్తమ ఫుల్‌బ్యాక్ అవార్డు కూడా ఉంది. దాన్ని తీసుకున్నవాడు కాసేపటికి మళ్లీ వేదికెక్కి పెద్ద మెడల్ కూడా తీసుకోగలడు. పెళ్లి భోజనంలో ఒకరికి రెండు పంక్తుల్లోనూ విస్తరి వేసి, ఇంకొకరికి "మీకు వంటింట్లో పెట్టాం కదా" అన్నట్టుంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే ఈవిడకెందుకింత పట్టింపు అనుకుంటారు.

మాది కృష్ణా జిల్లా. జిల్లా పరిషత్ హైస్కూల్లో మూడేళ్లు కబడ్డీ ఆడాను. కూతకెళ్లేదాన్ని కాదు. నాది ఎడమ కార్నర్. కూతకెళ్లే అమ్మాయి గీత దాటగానే ఊరు ఊరంతా దాని పేరు పెట్టి అరిచేది. పాయింటు తెస్తే ఆ పేరే, తేకపోతే కూడా ఆ పేరే. నా పని వంగి కూర్చుని, ఎదుటి అమ్మాయి కాలు ఎప్పుడు బరువు మారుస్తుందో చూసి, చీలమండ దొరకబుచ్చుకోవడం. నేను పట్టాక మిగతావాళ్లు వచ్చి మీద పడతారు. దుమ్ము లేస్తుంది. లేచి చూసేసరికి ఎవరు పట్టారో ఎవరికీ తెలీదు. మా డ్రిల్లు మాస్టారు కూడా "శభాష్, అందరూ బాగా పట్టారు" అనేవారు. పక్క మండలంలో ఒక ఆట అయ్యాక, ఓడిన జట్టు అమ్మాయి కుళాయి దగ్గరికొచ్చి, కాలు ఎత్తి చీలమండ చూపించింది. నా నాలుగు వేళ్లూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. "నువ్వేనా?" అంది. అవునన్నాను. "అమ్మో" అని నవ్వి నీళ్లు తాగి వెళ్లిపోయింది. నాకు ఆ ఆటలో దొరికిన బహుమతి అదొక్కటే, ఇప్పటికీ గుర్తుంది. గట్టు మీద నాలుగువందలమందికి తెలియనిది ఆ పిల్ల కాలికి తెలుసు.

నేను మిమ్మల్ని అడగబోయేది ఇందులోంచే పుట్టింది.

డాలీ ఎం కంటే ముందు ఇదే సిడ్నీలో ఇంకో మెడల్ ఉండేది. రాత్‌మన్స్ మెడల్, 1968 నుంచి 1996 దాకా. సిగరెట్ కంపెనీ పేరు, పోవడమే మంచిదైంది. కానీ దానికి ఓట్లు వేసింది ఎవరో చూడండి. రిఫరీలు. గ్రౌండు మధ్యలో, ప్రాప్ చెమట మొహాన పడేంత దగ్గర నిలబడేవాళ్లు. 1980లో మీ మెడల్ లారీకి వెళ్తే, రిఫరీల మెడల్ న్యూటౌన్ ప్రాప్ జెఫ్ బగ్డెన్‌కి వెళ్లింది. 1989లో మీ మెడల్ మిల్లర్‌కి. రిఫరీలు కూడా మిల్లర్‌కే ఇచ్చారు, కానీ ఒక్కడికే ఇవ్వలేదు. న్యూకాజిల్ ప్రాప్ మార్క్ సార్జెంట్‌కి సమానంగా పంచారు. అదే ఏడాది, అదే పోటీ, అవే మ్యాచులు. దగ్గర నిలబడ్డవాళ్లకి ఇంకో మనిషి కూడా కనిపించాడు.

ఇంగ్లండులో ఇలాంటి అవార్డే మ్యాన్ ఆఫ్ స్టీల్ ఉంది. 1977లో మొదలైంది. ఉక్కు మనిషి అంటే ఏదో గొప్ప ఆలోచనతో పెట్టిన పేరనుకున్నాను. స్పాన్సరు ట్రూమన్స్ స్టీల్ అనే ఉక్కు కంపెనీ అట, అందుకని. ఏమైతేనేం, పేరు కుదిరింది. 1986లో అది అందుకున్నది గావిన్ మిల్లరే, అప్పుడు హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌కి ఆడుతున్నాడు. రెండు దేశాల మెడళ్లూ మొదట కలిపి గెలిచినవాడు ఒక ఫార్వర్డ్ అన్నమాట. అక్కడ ప్రాప్‌లకూ దక్కింది. 1993లో విగన్ ఆటగాడు ఆండీ ప్లాట్, 2008లో సెయింట్ హెలెన్స్ ఆటగాడు జేమ్స్ గ్రాహమ్. 2014 నుంచి ఆ ట్రోఫీకి స్టీవ్ ప్రెస్కాట్ పేరు కూడా చేర్చారు. అరుదైన కేన్సర్ వచ్చినా ఏళ్లపాటు దాతృత్వం కోసం నిధులు పోగుచేసి, 2013 నవంబరులో పోయిన ఆటగాడు.

ఆ జాబితాలో నేను ఎక్కువసేపు ఆగింది 2016 దగ్గర. ఆ ఏడాది ఓట్లు వేసింది తోటి ఆటగాళ్లు. వాళ్లు ఎన్నుకున్నది హల్ ఎఫ్‌సి హుకర్ డానీ హౌటన్‌ని. హుకరే గానీ బంతితో గారడీలు చేసేవాడు కాదు, పట్టే మనిషి. రోజంతా టాకిళ్లు. ఆ ఆగస్టులో వెంబ్లీలో చాలెంజ్ కప్ ఫైనల్, హల్ 12, వారింగ్టన్ 10, చివరి నిమిషాలు. వారింగ్టన్ ఆటగాడు బెన్ కరీ గీత దాటాడు, బంతి నేలకు తాకిస్తే చాలు. హౌటన్ ఎక్కణ్నుంచో వచ్చి బంతి మీద పడి ఊడగొట్టాడు. వెంబ్లీలో హల్ ఎఫ్‌సి మొట్టమొదటి గెలుపు అది. ఆ టాకిల్ ఒక్కటే అయితే గట్టు మీదవాళ్లకీ కనిపించేది. కానీ మిగతా ఏడాదంతా అతను పట్టిన వందల పట్లు ఎవరికి గుర్తు? పట్టుబడ్డవాళ్లకే. సోమవారం పొద్దున మంచం దిగేటప్పుడు పక్కటెముక కలుక్కుమన్నవాళ్లకే. వాళ్ల చేతికి కాగితం ఇస్తే అతని పేరు రాశారు.

2019 నుంచి అక్కడా ఓట్లు మాజీ ఆటగాళ్ల ప్యానెల్ చేతికి వెళ్లాయి, మ్యాచికి మూడు, రెండు, ఒకటి, మీలాగే. తరవాత గెలిచినవాళ్లు? హేస్టింగ్స్, మెక్‌షేన్, టామ్‌కిన్స్, క్రాఫ్ట్, ఫ్రెంచ్, లూయిస్, కానర్. మెక్‌షేన్ హుకర్. మిగతా అందరూ హాఫ్‌లో ఫుల్‌బ్యాకులో.

నా వాదనలో ఒక కన్నం ఉంది, నేనే చూపిస్తాను. మెల్‌బోర్న్ వాళ్ల ఆటలో, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్లో, బ్రౌన్‌లో మెడల్ ఉంది. 1924 నుంచి దానికి ఓట్లు అంపైర్లే వేస్తారు. అంత దగ్గర నిలబడి కూడా వాళ్లు ఎక్కువగా బంతి వెంట తిరిగే మిడ్‌ఫీల్డర్లకే వేస్తారని అక్కడివాళ్ల గోల. కాబట్టి రిఫరీ చేతికిచ్చినంత మాత్రాన అన్నీ చక్కబడిపోవు. పైగా ఇవాళ్టి రిఫరీల మీద ఉన్న ఒత్తిడికి ఈ ఓటు కూడా తగిలిస్తే కోచ్‌లు బతకనివ్వరు. ఇంగ్లండులో ఆటగాళ్లు ఓటేసిన ఏళ్లలో కూడా 2013లో డానీ బ్రో, 2017లో లూక్ గేల్ లాంటి హాఫ్‌లు గెలిచారు. గెలవనివ్వండి. ప్రతి ఏడూ ప్రాప్‌కే ఇవ్వమని నేను అడగడం లేదు. కోటా పెట్టమనడం లేదు. కోటా పెట్టి ఇచ్చిన మెడల్ మావాడు తీసుకోడు కూడా, వాడికి పొగరు ఎక్కువ.

అడిగేది ఒక్క కాగితం. ఇప్పుడు మ్యాచికి ఇద్దరు జడ్జీల ఓట్లున్నాయి. మూడో ఓటు ఎదుటి జట్టుకు ఇవ్వండి. ఎదుటి జట్టు ఆ రోజు తమను ఎక్కువ బాధపెట్టిన ముగ్గురి పేర్లు, వాళ్ల జట్టువి కాదు, అవతలివాళ్లవి, డ్రెస్సింగ్ రూంలో బూట్లు విప్పుతూ రాసివ్వాలి. కెప్టెన్ ఒక్కడే రాస్తే మళ్లీ హాఫే రాస్తాడు, కొన్ని జట్లకు కెప్టెన్లు వాళ్లే. అందుకని ఆ రోజు ఆడిన ఫార్వర్డ్‌లు కూర్చుని రాయాలి. ఓడిపోయిన ఉక్రోషంలో ఎవడో అనామకుడి పేరు రాసేస్తారంటారా? ఒకటి రెండుసార్లు రాస్తారేమో. సీజన్ మొత్తం మీద కొట్టుకుపోతుంది. ఏడాది చివర టీం బస్సులో తమ పక్కన కూర్చునేవాడికి మేలు చేయడానికి పోటీదారుణ్ణి ఎగ్గొడతారంటారా? ఆ భయం ఉంది, కాదనను. దానికే మీ ఇద్దరు జడ్జీలూ ఉన్నారు. ఇవాళ మీరు ఇద్దరూ ఒకే వైపునుంచి, గట్టు మీదనుంచి చూస్తున్నారు. కిందపడి చూసినవాడి మాట కూడా ఒకటి కలవనివ్వండి.

ఇది పెద్ద మార్పు, ఒక్క ఏడాదిలో కాదు, తెలుసు. సమావేశాలు, స్పాన్సర్లు, టీవీవాళ్లు ఉంటారు. ఈలోపు చిన్న పని ఒకటి చేయొచ్చు. సీజన్ మధ్యలో మీరు ఓట్ల పట్టిక మూసేస్తారు, చివరి రాత్రి తెరుస్తారు. తెరిచినప్పుడు పేర్లతోపాటు ఏ నంబరు జెర్సీకి మొత్తం ఎన్ని పాయింట్లు వచ్చాయో కూడా చూపించండి. 1కి ఎన్ని, 6కి ఎన్ని, 7కి ఎన్ని, 8కి, 10కి ఎన్ని. లెక్క మీ దగ్గర ఉన్నదే, కొత్తగా కూడాల్సింది కూడా కంప్యూటరే. నేను చూసుకుంటాను. మావాడూ చూసుకుంటాడు.

వాడికి ఈ లేఖ సంగతి చెప్పాను. చదివి వినిపించమన్నాడు. బర్డన్ భుజం దగ్గర ఆపి, "వాడికి తగ్గిందా?" అని అడిగాడు. తగ్గింది, మెస్సెంజర్ వెళ్లిన ఆ మొదటి కంగారూల పర్యటనకే ఇతనూ ఇంగ్లండు వెళ్లి ఆడాడు అని చెప్పాను. "సరే అయితే" అని మౌత్‌గార్డ్ కడుక్కోవడానికి వెళ్లాడు. రేపు శనివారం, పొద్దున ఎనిమిదింబావుకి మ్యాచ్. నారింజ ముక్కలు తీసుకెళ్లే వంతు ఈసారి మాది.

ఇట్లు,
ఒక ఎనిమిదో నంబరు వాడి అమ్మ,
ఒకప్పటి ఎడమ కార్నర్,
పశ్చిమ సిడ్నీ